తాకని డబ్బు

చేతితో నోటునుగాని నాణేన్నిగాని తాకనవసరం లేకుండా, ఫోనును ఒక బొమ్మకు ఎదురుగా పట్టి, కొట్టులో సరుకుకు వెల చెల్లించడం ఈ పదేళ్లలో పుట్టిన కొత్త నాగరికత అని మనం తరచుగా చదువుతున్నాం. దీనికి ‘స్పర్శరహిత చెల్లింపు’ అని సంస్కృతంలో నామకరణం కూడా జరిగింది. ఆ నామకరణం చేసినవారికి మన గ్రామాల చరిత్ర తెలిసి వుంటే ఆ మాట వాడడానికి కొంచెం వెనుకాడి వుండేవారు. ఎందుకంటే తాకకుండా డబ్బు పుచ్చుకోవడం మన దేశంలో యంత్రాలతో మొదలుకాలేదు. మాలపల్లెనుంచో మాదిగపల్లెనుంచో వచ్చిన మనిషి కొట్టు అరుగు ఎక్కకూడదు. తెచ్చిన కానీనో అణానో నేలమీద పెట్టి పక్కకు తప్పుకోవాలి. షావుకారు దానిమీద నీళ్లు చిలకరించి తీసుకుని, ఉప్పో పొగాకో పైనుంచి జారవిడిచేవాడు. నాణేనికి అంటిన మైల చెంబెడు నీళ్లతో పోయేది. దాన్ని తెచ్చిన మనిషికి మాత్రం అటువంటి సదుపాయం లేదు. ఈ అనుభవాన్ని చెప్పగలిగిన వృద్ధులు మన వూళ్లలో ఇప్పటికీ వున్నారు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసింది. 15వ అధికరణం మరొక అడుగు ముందుకు వేసి, దుకాణాలలోకీ హోటళ్లలోకీ ప్రవేశించడానికి కులం అడ్డు కారాదని ప్రత్యేకంగా పేర్కొన్నది. రాజ్యాంగ నిర్మాతలు దేశానికి మూలశాసనం రాస్తూ కొట్టు గుమ్మాన్ని పేరుపెట్టి చెప్పవలసి వచ్చిందంటే ఆ గుమ్మంలో ఏం జరుగుతుండేదో ఊహించవచ్చు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. ఆ తరువాత కూడా టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాల తరబడి నడిచింది.

కాబట్టి కొట్టులో డబ్బు చేతులు మారే పద్ధతికి ఒక సాంఘిక చరిత్ర వున్నది. దాన్ని ఒట్టి సాంకేతిక చరిత్రగా రాసినవారు సగమే రాసినట్టు. మన సాహిత్య చరిత్రకారులూ ఈ విషయంలో ఎక్కువ సాయం చేయలేదు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం గురించి మనం పాఠాలు చెబుతాం. ఓడ వర్తకులు చెల్లించవలసిన సుంకం ముప్ఫైలో ఒక వంతు అని పిల్లలచేత వల్లె వేయిస్తాం. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ్య సెట్టి సుగంధ ద్రవ్యాల వ్యాపారం గురించి పరిశోధనలు చేస్తాం. వీధి చివరి ఉప్పుకొట్టు మాత్రం మన గ్రంథాలలో కనపడదు. దేశంలో అత్యధిక సంఖ్యాకులు జీవితమంతా ఎరిగిన వర్తకం అదొక్కటే అయినప్పటికీ!

నిన్నమొన్నటిదాకా పల్లెలో కొట్టుకు డబ్బు పట్టుకువెళ్లే వారికన్న గింజలు పట్టుకువెళ్లేవారే ఎక్కువ. కూలి గింజల్లో వచ్చేది, కాబట్టి ఖర్చూ గింజల్లోనే. ఆడపిల్ల వొడిలో సోలెడు వడ్లు పోసుకుని బెల్లం ముక్కకోసం వెళ్లేది. ఇది వస్తుమార్పిడి కదా, ఇందులో దోపిడి ఎక్కడిదని ఎవరైనా అనవచ్చు. కొలపాత్ర షావుకారుది. వడ్ల ధర చెప్పేదీ అతడే, బెల్లం ధర చెప్పేదీ అతడే. ఒకే బేరంలో కొనుగోలుదారుగా ఒక లాభం, అమ్మకందారుగా మరొక లాభం అతనికి దక్కేవి. పంట కళ్లంలో వున్నప్పుడు ధర పడిపోయి వుంటుంది. ఆ సమయంలో కొట్టుకు చేరిన గింజలే ఆషాఢ శ్రావణాలలో కూలివాడికి నాగుకు తిరిగి వచ్చేవి. రెండు బస్తాలు తీసుకుంటే పంటకాలంలో మూడు కొలవాలి. తాను అమ్మిన గింజలనే తాను అప్పుగా తెచ్చుకుని, ఒకటిన్నర రెట్లు తిరిగి ఇవ్వడం! నాణెం రాకపూర్వపు అమాయకమైన లోకం గురించి విచారించేవారు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది.

గింజలకన్న ముఖ్యమైనది పుస్తకం. షావుకారు చిట్టా, ఆవర్జా రాసేవాడు. రోజు పద్దు ఒకదానిలో, మనిషి ఖాతా ఇంకొకదానిలో. అప్పు తీసుకున్నవాడికి చదువురాదు. ఏం రాశారో తెలియదు, ఎంత తీరిందో తెలియదు. ఆ పుస్తకం గురించి అతనికి తెలిసిందల్లా వేలిముద్ర వేయవలసిన చోటు. పల్లెలో అధికారం భూమిలో ఎంత వుండేదో ఆ పుస్తకంలోనూ అంత వుండేదనడం అతిశయోక్తి కాదు. రైతులు కూడా అలాగే అర్థం చేసుకున్నారు. 1875 మే 12న పూనా జిల్లా సూపాలో మొదలై అహమద్‌నగర్ జిల్లాకు పాకిన దక్కను రైతుల తిరుగుబాటులో జనం ధాన్యపు కొట్లకన్న ముందు పత్రాలకోసం, ఖాతా పుస్తకాలకోసం వెదికారు. దొరికినవాటిని నడివీధిలో తగులబెట్టారు. కాగితాలు అప్పగించిన వర్తకుణ్ణి సాధారణంగా ఏమీ చేయలేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణా సాయుధ పోరాటంలో కూడా గడీల మీదికీ వడ్డీ వ్యాపారుల ఇళ్లమీదికీ వెళ్లిన జనం మొదట చేసిన పనుల్లో ఒకటి అప్పు పత్రాలను తగులబెట్టడం. నిరక్షరాస్యులైన జనం చేతిలో అక్షరానికి పట్టిన గతి ఇది అని ఆనాడు ముక్కున వేలు వేసుకున్న పెద్దమనుషులున్నారు. ఆ అక్షరం ఎవరి పక్షాన రాయబడిందో వారు అడగలేదు.

తిరుగుబాట్లు వృథా కాలేదు. దక్కను రైతుల పోరాటం తరువాత 1879లో వచ్చిన చట్టం, ముట్టిన సొమ్ముకు రసీదు ఇవ్వాలనీ, కోరితే ఏటేటా ఖాతా నకలు చూపాలనీ అప్పులిచ్చేవారిని నిర్బంధించింది. తన లెక్క తాను చూసుకునే హక్కును రైతు నిప్పు పెట్టి సంపాదించుకున్నాడు. అంతకు కొంచెం ముందు, 1872 నాటి సాక్ష్య చట్టంలోని 34వ సెక్షను మరొక మంచి మాట చెప్పింది. వర్తకుని ఖాతా పుస్తకంలోని పద్దు సాక్ష్యంగా పనికివస్తుంది గాని, ఆ పద్దు ఒక్కదాని ఆధారంతో ఎవరినీ బాధ్యుణ్ణి చేయడానికి వీలులేదు అని. ఆ నియమం 2024 జూలై 1నుంచి అమలవుతున్న కొత్త సాక్ష్య చట్టంలోనూ నిలిచింది. దీన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను. మళ్లీ దీనితో పని పడుతుంది.

నాణేల చరిత్రను ఇక్కడ విస్తరించడం లేదు. రెండు సంగతులు చాలు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, సర్కారు జిల్లాలలో కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. మధిర ప్రాంతంనుంచి బెజవాడకు సరుకుకు వచ్చిన రైతు ఒకే భాష మాట్లాడే బజారులో డబ్బు మార్చుకుని, మార్పిడికి వట్టం ఇచ్చుకోవలసి వచ్చేది. హాలీ సిక్కా 1950 తరువాత కూడా భారత రూపాయితోపాటు చెలామణీ అయి 1959లో ముగిసింది. ఈ మధ్యలో 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. పదహారణాల రూపాయి నూరు నయాపైసలైంది. అణాకు ఆరుంబావు నయాపైసలు రావాలి. పావు నయాపైస అనే నాణెం లేదు. అందుచేత సర్కారువారి పట్టికలో అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని వేశారు. రూపాయల్లో కొనేవానికి ఇందులో తేడా లేదు. అణాల్లో కొనేవానికి వుంది. అణా సరుకును 7 నయాపైసలకు అమ్మితే, పదహారుసార్లు కొనేసరికి రూపాయికి 12 నయాపైసలు అదనం. లెక్క శాస్త్రీయమైనదే, పేదవాడి మీద పడ్డ పావువంతు కూడా అంత శాస్త్రీయంగానే పడింది. పావలా బిళ్ల కూడా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. చిల్లర లేదంటూ షావుకారు చాక్లెట్ చేతిలో పెట్టే ఆచారం మనందరికీ తెలిసిందే. అదే చాక్లెట్‌ను తిరిగి ఇస్తే అతను డబ్బుగా పుచ్చుకోడు.

ఇక ఫోను సంగతి. యూపీఐ అనే విధానం పెద్దనోట్ల రద్దులోంచి పుట్టిందని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. 2008లో ఏర్పడిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దాన్ని 2016 ఏప్రిల్ 11న, అంటే రద్దుకు ఏడు నెలల ముందే, ప్రారంభించింది. నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రధానమంత్రి ప్రకటించడంతో దేశంలో చెలామణీలో వున్న నోట్ల విలువలో 86 శాతం ఒక్కసారిగా కాగితమైంది. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగివచ్చాయని రిజర్వు బ్యాంకే 2018లో చెప్పింది. నల్లధనం మాట ఎలా వున్నా, కూరగాయల బజారు ఎండిపోయింది. ఆ కరువులో నగదురహిత సమాజం అనే నినాదం వినపడసాగింది. ముఖ్యమంత్రుల సంఘానికి కన్వీనరుగా చంద్రబాబునాయుడు 2017 జనవరిలో నివేదిక ఇచ్చారు. తెలంగాణాలో సిద్ధిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌ను నగదురహిత గ్రామంగా ప్రకటించారు. ఆ వూళ్లో కొట్లవారు కార్డు యంత్రాల అద్దెలు మోయలేక వాటిని తిరిగి ఇచ్చేశారని కొంతకాలానికి వార్తలు వచ్చాయి. ప్రకటనకు వచ్చినంతమంది ఆ వార్తకు రాలేదు.

కార్డు యంత్రం ఓడిన చోట కాగితపు బొమ్మ గెలిచింది. దీని కారణాన్ని భౌతికంగానే చూడాలి. క్యూఆర్ కోడ్ అనే ఆ చతురస్రాన్ని 1994లో జపానులో డెన్సో వేవ్ సంస్థ మోటారు కార్ల విడిభాగాలను గుర్తుపట్టడానికి తయారుచేసింది. దానికి కరెంటు అక్కరలేదు, అద్దె లేదు. అచ్చు వేసి గోడకు అతికిస్తే చాలు. పైగా 2020 జనవరి 1నుంచి యూపీఐ చెల్లింపులమీద వర్తకుని దగ్గర రుసుము తీసుకోరాదని ప్రభుత్వం నిర్ణయించింది. అదే సంవత్సరం వచ్చిన కరోనా, నోటును తాకాలంటేనే భయపడే పరిస్థితి తెచ్చిపెట్టింది. 2016 డిసెంబరులో దేశమంతటా సుమారు 20 లక్షల యూపీఐ చెల్లింపులు జరిగాయి. 2023 ఆగస్టులో 1000 కోట్లు దాటాయి. 2025 ఆగస్టులో 2000 కోట్లు దాటాయి. ప్రపంచంలో మరెక్కడా ఇంత తక్కువ మొత్తాలు, ఇంతమంది పేదల చేతులమీదుగా, ఇలా నడవలేదేమో.

మన మిత్రులలో కొందరు దీన్ని పెట్టుబడిదారుల పన్నాగంగా తీసిపారేస్తున్నారు. నేను ఏకీభవించలేను. హైదరాబాదులో ఇల్లు కడుతున్న పాలమూరు కూలి సాయంత్రం తీసుకున్న కూలిడబ్బులో మూడువందలు అప్పటికప్పుడే వూళ్లో తల్లికి పంపగలుగుతున్నాడు. పది రూపాయల టీకి వంద నోటు ఇచ్చి మాటపడవలసిన పని లేదు. దొంగనోటు అంటగట్టే భయం లేదు. అన్నిటికన్న ముఖ్యంగా, నీళ్లు చిలకరించడానికి అక్కడ నాణెం లేదు. రంగుపూసిన ఆ చదరపు బొమ్మ ఎదుట నిలబడ్డవాడు ఏ పేటనుంచి వచ్చాడో దానికి అక్కర లేదు. ఇది చిన్న విషయం కాదు. దీన్ని చిన్న విషయంగా చూడగలిగినవారు ఏనాడూ నేలమీద డబ్బు పెట్టి నిలబడవలసిన అవసరం లేనివారు.

అయితే కథ అక్కడ ఆగలేదు. స్పర్శ పోయిన చోటికి పేరు వచ్చింది. డబ్బు పంపబోయే ముందు పుచ్చుకునేవాని పేరు కొనేవాని తెరమీద పూర్తిగా పడుతుంది. పొరపాటున మరొకరికి పోకుండా వుండడానికి అది అవసరమే. కాని మన దేశంలో పేరు అంటే పేరు మాత్రమే కాదు. ఇంటిపేరుతో కులం, అసలు పేరుతో మతం బయటపడతాయి. ఇదంతా నా ఊహ కాదు. ఉత్తరప్రదేశ్‌లో 2024లో కావడి యాత్ర దారి పొడవునా హోటళ్లవారు యజమానుల పేర్లు బోర్డులమీద రాయాలని ఆదేశించారు. సుప్రీంకోర్టు జూలై 22న దాన్ని నిలిపివేసింది. మరుసటి ఏడు అదే దారిలో, ఫోనుతో చూస్తే యజమాని వివరాలు తెలిసే క్యూఆర్ కోడ్‌లను అతికించే ఏర్పాటు వచ్చింది. బోర్డుమీద రాయరాదన్న పేరు బొమ్మలో దాక్కుని తిరిగి గుమ్మానికి చేరింది. కార్ల విడిభాగాలను గుర్తుపట్టడానికి చేసిన పరికరంతో మనం మనుషులను వేరుచేసుకుంటున్నాం.

రెండవది, పుస్తకం. నగదు బేరం జరిగిన మరుక్షణం మాసిపోయేది. ఫోను బేరం ఎప్పటికీ మాసిపోదు. బెంగుళూరులో 2025 జూలైలో ఏం జరిగిందో చూడండి. చిన్న చిన్న బేకరీలకూ, టీకొట్లకూ, కూరగాయల వాళ్లకూ కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖనుంచి నోటీసులు వచ్చాయి. వారి యూపీఐ రాబడి మొత్తం కూడితే సరుకులకు 40 లక్షలు, సేవలకు 20 లక్షలు అనే వార్షిక పరిమితి దాటిందట. కాబట్టి గడచిన సంవత్సరాలకు కూడా పన్ను కట్టాలట. ఆ రాబడిలో పన్ను లేని పాలూ కూరగాయలూ ఎంత, ఇంటిఖర్చుకు బంధువులు పంపినదెంత, అప్పు తెచ్చుకున్నదెంత అని విడదీసి చూసే నాథుడు లేడు. ఖాతాలోని పద్దు ఒక్కటే ఎవరినీ బాధ్యుణ్ణి చేయదని 1872 నాటి వలసప్రభుత్వ చట్టం చెప్పిన మాటను ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. దుకాణదారులు గోడమీది బొమ్మలు చింపేసి ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అని అట్టముక్కలమీద రాసి కట్టారు. ఆందోళన పెరిగాక పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించవలసి వచ్చింది. పన్ను ఎగవేతను నేను సమర్థించడం లేదు. కోట్ల పన్నులు కాగితంమీద మాయం చేయగల కంపెనీకి ఆడిటర్లున్నారు, వకీళ్లున్నారు. టీకొట్టువాడికి వున్నది గోడమీది బొమ్మ ఒక్కటే. అందుకే ప్రభుత్వానికి అతని లెక్క అంత స్పష్టంగా కనపడింది. చింపిన ఆ కాగితాలను చూసినప్పుడు నాకు సూపా గుర్తుకు వచ్చింది. తేడా ఏమిటంటే, సూపా రైతులు పుస్తకాన్ని తగులబెట్టగలిగారు. వీరు చింపింది అట్టను మాత్రమే. పుస్తకం వేరే చోట వుంది.

ఎక్కడ వుంది? కాలువను కట్టింది బ్యాంకుల ఉమ్మడి సంస్థ. కాని తూముల దగ్గర కూర్చున్నవి ప్రైవేటు కంపెనీలు. యూపీఐ చెల్లింపులలో 80 శాతానికి పైగా ఫోన్‌పే, గూగుల్‌పే అనే రెండింటి ద్వారానే సాగుతున్నాయి. మొదటిదానిలో అధిక వాటా వాల్‌మార్ట్‌ది, రెండవది పేరులోనే వుంది. ఏ ఒక్క కంపెనీ 30 శాతం మించరాదని 2020 నవంబరులో నియమం పెట్టారు. గడువును 2022లో ఒకసారి, 2024 చివర మరొకసారి పెంచి 2026 చివరికి జరిపారు. టీకొట్టువాడికి నోటీసు పంపడంలో కనపడిన చురుకుదనం ఇక్కడ కనపడలేదు. రుసుము లేనప్పుడు ఈ కంపెనీలకు లాభం ఎలాగని అడగవచ్చు. ప్రభుత్వం ఖజానానుంచి బ్యాంకులకూ కంపెనీలకూ ప్రోత్సాహకం ఇస్తున్నది. 2024–25కు కేటాయించింది 1500 కోట్లు. కొట్టులో ‘ఇరవై రూపాయలు అందాయి’ అని తెలుగులో అరిచే ఆ పెట్టెకు నెలనెలా అద్దె వుంది. వీటికి మించినది అప్పుల వ్యాపారం. ఏ కొట్టులో ఏ రోజు ఎంత రాబడో తెలిసినవాడికి ఎవరికి ఎంత అప్పు ఇవ్వవచ్చో కూడా తెలుస్తుంది. అప్పు ఇచ్చి, వచ్చే రాబడిలోనుంచే రోజువారీగా కోసుకోవడం ఇప్పుడు జరుగుతున్నది. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ అరాచకంతో పోలిస్తే ఇది సౌమ్యంగానే వుంది, ఇంటిమీదికి రౌడీలు రారు. కాని నాగు ఇచ్చిన షావుకారు పంటదాకా ఆగేవాడు. ఇతను సాయంత్రందాకా కూడా ఆగనవసరం లేదు.

న్యాయంగా మరొక సంగతి చెప్పాలి. 2020 జూన్‌లో వచ్చిన స్వనిధి పథకం కింద వీధివర్తకులకు మొదట 10,000 రూపాయల అప్పు బ్యాంకులనుంచి దొరికింది. బ్యాంకు గడప ఎన్నడూ తొక్కనివారు తొక్కారు. ఫోనులో చెల్లింపులు పుచ్చుకుంటే నెలకు వంద రూపాయల దాకా బహుమానం కూడా ఇచ్చారు. ఇది మంచిదే. పద్దు అనేది దానంతట అది శత్రువు కాదనడానికి ఇదొక నిదర్శనం. లెక్క ఎవరి చేతిలో వుంది, ఎవరు దాన్ని చూడగలరు, ఎవరు మార్చగలరు అన్నదే 1875లోనూ ప్రశ్న, ఇప్పుడూ ప్రశ్న. మన విద్యార్థి సంఘాలూ కార్మిక సంఘాలూ ఈ విషయంలో ఇంతవరకు చేసినది చాలా తక్కువ. ఉపన్యాసాలలో సామ్రాజ్యవాదాన్ని ఖండించి, కిందికి దిగి, సమ్మె నిధి చందాను అవే రెండు కంపెనీల ద్వారా పంపిస్తున్నాం. నేనూ పంపాను.

మా కాలేజీ వీధిలో ఒక ముసలమ్మ చాలాకాలంగా ఆకుకూరలు అమ్ముతున్నది. ఇంతకు పూర్వం బేరం కాగానే డబ్బు బొడ్డుసంచిలో వేసుకునేది. సాయంత్రం ఆ సంచి బరువును బట్టి బియ్యం ఎన్ని, చేప వుందా లేదా, మనవడి చేతిలో ఎంత పెట్టాలి అనేది నిర్ణయించేది. ఇప్పుడు గంపకు వైరుతో ఒక అట్ట కట్టి వుంటుంది. దాని మీది పేరు ఆమెది కాదు, కొడుకుది. ఆమెకు ఖాతా వుంది గాని ఆ నంబరుకు ఫోను లేదు. పెట్టె కొనలేదు. అందుచేత ఎవరు డబ్బు పంపినా, “వచ్చిందా అయ్యా?” అని పంపినవాణ్ణే అడుగుతుంది. వచ్చిందంటే నమ్ముతుంది. రాత్రి కొడుకు ఇంటికి వచ్చాక ఇవాళ ఎంత పడిందని అడగాలి. ఒక్కొక్కనాడు చెబుతాడు, ఒక్కొక్కనాడు విసుక్కుంటాడు. యాభైయేళ్ల తరువాత తన సంపాదన లెక్క తనకు తెలియని స్థితికి ఆమె వచ్చింది. కిందటి నెల నేను తోటకూర రెండు కట్టలు తీసుకుని ఫోను తీయబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

“పదిరూపాయల బిళ్లలుంటే ఇవ్వు బాబూ. ఇయ్యాల నాకు కావాలి.”

నా జేబులో బిళ్లలు లేవు. పక్క కొట్టులో ఫోనుతో యాభై పంపి, అతన్ని బతిమాలి చిల్లర పుచ్చుకుని వచ్చాను. ఆమె వాటిని లెక్కపెట్టి, అట్ట వెనక్కి తిప్పి, సంచిలో వేసుకున్నది.